నలభై అడాప్టర్లూ, మా బావా

మా బావను ల్యాబులో అందరూ "తొక్కొద్దు గారు" అంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఆయన నోట్లోంచి రోజూ ఎక్కువసార్లు వచ్చే మాట అదే మరి. తలుపు తోసుకుని ఎవరొచ్చినా, సూపరింటెండెంటు అయినా, టీ పట్టుకొచ్చే మనిషైనా, నమస్కారం కన్నా ముందు "తొక్కొద్దు" అంటాడు. నేలమీద ఆయన తీగలుంటాయి. ఎవరైనా వాటి మీద కాలేస్తే తన గుండె మీదే వేసినట్టు గిలగిల్లాడిపోతాడు. నేను ఆయనకు స్వయానా బావమరిదిని, పైగా అదే ల్యాబులో కొనుగోలు గుమాస్తాని. కాబట్టి ఆయన్ని వెక్కిరించే హక్కు నాకు రెండు వైపుల నుంచీ ఉంది. ఆ హక్కును ఏనాడూ వృథా చేయలేదు.

మా ల్యాబుకు కరెంటు పనివాళ్ళు చేతులకు వేసుకునే రబ్బరు తొడుగులు, కాళ్ళ కింద పరుచుకునే మ్యాట్లు, ప్లాస్టిక్ పలకలు వస్తాయి. వాటి మీద వెయ్యి వోల్టులు పెట్టి, వాటిల్లోంచి ఎంత కరెంటు కారుతుందో కొలవడం బావ పని. కారేది పిసరులో పిసరు. "ఇంత చిన్నదాన్ని కొలవడానికి ఇంత హంగామానా బావా?" అంటే, "చిన్నది కాబట్టేరా హంగామా" అనేవాడు. తీగ కదిలితే అంకె మారిపోతుందట. పక్కనుంచి మనిషి నడిచినా మారుతుందట. తీగ మొనకు వేలి జిడ్డు అంటుకుంటే ఇక ఆ పూటకు పని ఆగినట్టే. అందుకని ఆయన ప్రతి తీగనూ బల్లకు టేపుతో అంటించి, నేలమీద పోయేచోట చెక్క పట్టీ కప్పి, మొనలు స్పిరిటుతో తుడిచి టోపీలు పెట్టి పడుకోబెడతాడు. కన్నబిడ్డలకు కూడా అంత సేవ చేసిన మనిషి కాడు. నమ్మకపోతే మా అక్కను అడగండి.

మా అక్క అయితే మొదటినుంచీ చెబుతుంది. పెళ్ళినాడు ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి ఫొటో తీస్తుంటే, ఫొటో లైటు తీగ జనం కాళ్ళ కింద పడి నలుగుతోందని పెళ్ళికొడుకు లేచి వెళ్ళిపోయాడు. ఇప్పటికీ ఆ ఫొటోలో మా అక్క ఒక్కతే, పక్కన ఖాళీ కుర్చీ. కాపురానికి వెళ్ళిన వారానికి ఇస్త్రీపెట్టె తీగను మోచేతికి చుట్టిందని రెండు రోజులు మాట్లాడలేదట. "అలా మెలిపెట్టి చుడితే లోపల నరం తెగుతుంది, దాని దారిన దాన్ని చుట్టుకోనియ్" అని మూడోనాడు మాత్రం ఎంతో ప్రేమగా చెప్పాడట. "ఈయనకి పెళ్ళామెందుకురా, ఓ తీగల చుట్ట తెచ్చి ఇంట్లో పెడితే సరిపోయేది" అంటుంది అక్క. అంటూనే ఇస్త్రీపెట్టె తీగను ఆయన చెప్పినట్టే చుడుతుంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఎవరు ఎవరికి లొంగారో నాకు ఇప్పటికీ తెలియదు.

ల్యాబులో ప్రతి బల్లకూ ఒక ప్రమాదాల పుస్తకం ఉంటుంది. బావ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తెల్లగా ఉంటుంది. పక్క బల్ల ఆయన పుస్తకం రెండోది నడుస్తోంది. ఆయన రెండుసార్లు వేళ్ళు కాల్చుకున్నాడు కాబట్టి ఆయనకు ధైర్యసాహసాలకని ప్రశంసాపత్రం, కొత్త కుర్చీ, సొంతంగా ఒక ఫ్యానూ వచ్చాయి. మా బావకు ఏమీ రాలేదు. వస్తుందని ఆయన అనుకోనూ లేదు.

రెండేళ్ళ కిందట కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. ఆయనకు సమీక్ష అంటే ప్రాణం. పొద్దున ఒక సమీక్ష, మధ్యాహ్నం పొద్దుటి సమీక్ష మీద సమీక్ష. అలాంటి ఒక సమీక్షలో బావ తెల్ల పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని తిరగేసి, "ఇరవై ఆరేళ్ళలో ఒక్క ప్రమాదం కూడా జరగలేదా?" అన్నాడు.

"లేదండీ" అన్నాడు బావ కాస్త సిగ్గుపడుతూ. ఎవరో మెచ్చుకోబోతున్నారని పాపం ఆయన భ్రమ.

"ప్రమాదమే లేని చోట ఇన్ని జాగ్రత్తలు దేనికండీ మరి?"

గదిలో అందరం తలలూపాం. అందరికన్నా గట్టిగా ఊపింది నేను. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళకు కూడా అలాంటి ప్రశ్నకు జవాబు దొరకదు లెండి.

ఆ సమీక్ష ఫలితమే అడాప్టర్లు. బావ వాడేవి మూడు పొరల తీగలు. అవి పాడైతే కొత్తవి తెప్పించడానికి ఏడు నెలలు పడుతుంది. రెండు పొరల తీగలైతే ఏ కొట్లో అడిగినా దొరుకుతాయి. మూడు పొరల సాకెట్టుకు రెండు పొరల తీగ తగిలించడానికి మధ్యలో ఒక బుల్లి ఇత్తడి ముక్క కావాలి, అదే అడాప్టరు. నలభై తెప్పించాను. కొనుగోలు ఫారంలో "అమరుతుందా?" అని ఒక గడి ఉంటుంది. ఒక ముక్క తీసుకుని సాకెట్టులో పెట్టి తిప్పాను. టక్కుమని పట్టింది. అవునని టిక్కు పెట్టాను. దాని కింద "వాడకానికి సురక్షితం" అని ముందే అచ్చు వేసి ఉంటుంది. అచ్చు వేసిన మాటను మళ్ళీ చదవడం ఎందుకని సంతకం పెట్టేశాను. నా తర్వాత సూపరింటెండెంటు, అకౌంట్స్ ఆఫీసరు, ఇంకో ఇద్దరు పెట్టారు. నా సంతకం ఉంది కదా అని వాళ్ళు, వాళ్ళు పెడతారు కదా అని నేను.

బావ ఒక అడాప్టరును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరు కొన్నార్రా ఇవి?"

"నేనే. ఏం?"

"బాగా పట్టింది."

"మరింకేం?"

"అదేరా నా భయం. పట్టకుండా ఉంటే బాగుండేది."

నాకు ఒళ్ళు మండింది. వస్తువు పట్టకపోతే గొడవపడ్డవాళ్ళను చూశాను గాని, పట్టినందుకు ఏడ్చే మనిషిని ఈయన్నే చూశాను. ఆయన మాత్రం ఓపిగ్గా కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టాడు.

"చూడు. తీగ లోపల సన్న నరం. దాని చుట్టూ నడిమి పొర. దాని మీద పై పొర. లోపలి నరంలో వెయ్యి వోల్టులుంటే నడిమి పొరకి కూడా మనమే కావాలని వెయ్యి పెడతాం. రెండూ ఒకే ఎత్తులో ఉంటే నీళ్ళు ఇటునుంచి అటు పారవుగా? అలాగే నరంలోంచి బయటికి ఏమీ కారదు. నడిమి పొర కాపలా అన్నమాట. పై పొర నేలకి కలిసుంటుంది. మనం చేత్తో పట్టుకునేది దాన్ని. నువ్వు కొన్న ముక్కలో పై పొర ఇక్కడితో ఆగిపోయింది. నడిమి పొర బయటికొచ్చేసింది. నువ్విప్పుడు పట్టుకున్నావు చూడు, ఈ ఇత్తడి తొడుగు, అదే నడిమి పొర."

"అయితే?"

"అయితే ఏంట్రా నీ మొహం! వెయ్యి వోల్టులు. బల్లమీద మోచేతి పక్కన ఉంటుంది. తగలడానికి ఎంతసేపు?"

"రీడింగులో తేడా వస్తుందా?"

"రాదు. రీడింగు బ్రహ్మాండంగా వస్తుంది."

నేను అక్కడినుంచి నేరుగా సూపరింటెండెంటు దగ్గరికి వెళ్ళి, రీడింగు బ్రహ్మాండంగా వస్తుందని తొక్కొద్దు గారే ఒప్పుకున్నారని చెప్పాను. మిగతాది చెప్పలేదు. అబద్ధం ఆడలేదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

బావ ఊరుకోలేదు. నోటు రాశాడు. జవాబు రాకపోతే తన మీటరు పట్టుకెళ్ళి సూపరింటెండెంటు ముందే అడాప్టరు తొడుగుకు ముల్లు ఆనించి తొమ్మిది వందల తొంభై ఎనిమిది వోల్టులు చూపించాడు. సూపరింటెండెంటు అంకెను శ్రద్ధగానే చూశాడు.

"మీటరు ఎవరిది?"

"మా సెక్షనుదేనండీ."

"మీ ఫిర్యాదుకు మీ మీటరే సాక్ష్యమా? నిష్పాక్షికంగా ఉండాలి కదండీ." వేరే సెక్షను మీటరు కావాలంటే అర్జీ పెట్టుకోవాలి. అర్జీ కదలడానికి నలభై అయిదు రోజులు. అడాప్టర్లు వాడకంలోకి వచ్చేది సోమవారం.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఆ సోమవారమే మా అమ్మాయి ఆపరేటరుగా బావ బల్ల దగ్గర చేరుతోంది. పరీక్ష రాసి, మూడు నెలలు వాళ్ళ మామయ్య దగ్గరే పని నేర్చుకుంది. తెలివైన పిల్ల, నా పోలిక అనుకునేవాణ్ణి. కానీ అదే ల్యాబులో పోస్టింగు ఊరికే రాలేదు. సూపరింటెండెంటు గది చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి వేయించుకున్నాను. అలాంటి మనిషి ముందు నిలబడి, నేను కొన్నవీ మీరు సంతకం పెట్టినవీ పనికిరావు అని ఎలా అనగలను? అందుకే ఆదివారం సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళి బావ మీద విరుచుకుపడ్డాను.

"నా కూతురికి ఉద్యోగం వచ్చిందని నీకు కడుపుమంటగా ఉందా? రేపు అది చేరుతుంటే ఇవాళ ఈ గొడవేంటి?"

"అది చేరుతుందనేరా గొడవ" అన్నాడు బావ. అక్క నాకు టీ ఇచ్చింది గాని నా ముఖం చూడలేదు.

సోమవారం పొద్దున బావ అందరికన్నా గంట ముందు ల్యాబుకు వెళ్ళాడు. అడాప్టర్లను ఒక్కొక్కటిగా వైసులో బిగించి, సుత్తితో కొట్టి, ఇత్తడి రేకు ముక్కలు చేశాడు. ముప్పై తొమ్మిది. తర్వాత చేతులు కడుక్కుని, తన మీద ఫిర్యాదు తనే రాసి సూపరింటెండెంటు బల్లమీద పెట్టాడు: "ముప్పై తొమ్మిది అడాప్టర్లు నేనే విరగ్గొట్టాను. ఒకటి విచారణ కోసం అట్టిపెట్టాను." దస్తూరీ గుండ్రంగా, ఎక్కడా కొట్టివేతలు లేకుండా ఉంది. ఇరవై ఆరేళ్ళలో మా ల్యాబులో అంత నీటుగా రాసిన ఫిర్యాదు ఇంకోటి లేదు.

అంతే, బావను సస్పెండు చేశారు. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం. రుజువైతే ఉద్యోగం ఊడుతుంది, రెండేళ్ళలో రావాల్సిన పింఛనూ పోతుంది. అక్క మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ బావ తప్పు చేశాడంటావా? నా కళ్ళల్లోకి చూసి చెప్పు."

"చేశాడక్కా. పద్ధతంటూ ఒకటుంటుంది కదా."

"పద్ధతా?" అంది. "నీ కూతురు ఆ బల్ల దగ్గర కూర్చుంటుందని మూడు రాత్రులు నిద్రపోలేదురా ఆయన. నువ్వు పోయావా?"

నేను హాయిగా నిద్రపోయాను. ఆ మాట అక్కతో అనకుండా మళ్ళీ కూర్చోమన్నాను.

విచారణ మీటింగు హాల్లో పెట్టారు. పొడుగాటి బల్లకు ఒకవైపు సంతకాలు పెట్టిన అయిదుగురం, రెండోవైపు బావ, మధ్యలో పైనుంచి వచ్చిన విచారణాధికారి, ఆయన పక్కన స్టెనో. సాక్షిగా పిలిచారని మా అమ్మాయి తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. బావ అడిగాడని ఆయన కొలిచే మిషనును చక్రాల బల్లమీద తోసుకొచ్చి, సరిగ్గా నా కాళ్ళ పక్కన ఆపారు. విచారణాధికారి మెత్తటి మనిషి. గొంతు ఎత్తడు, ఎవరినీ తిట్టడు. అలాంటివాళ్ళతోనే వస్తుంది చిక్కు.

"అడాప్టరు ప్రమాదకరమనడానికి రుజువేమిటి?"

"మీటరులో చూపించానండీ."

"దాన్ని ఇదివరకే తోసిపుచ్చారు. వాటివల్ల ఎవరికైనా ప్రమాదం జరిగిందా?"

"జరగలేదండీ."

"ఎందుకు జరగలేదు?"

"విరగ్గొట్టాను కాబట్టి."

"అంటే ఉన్న రుజువును కూడా మీరే ధ్వంసం చేశారన్నమాట" అని ఆయన ఎంతో జాలిగా స్టెనో వైపు చూశాడు. స్టెనో రాసుకున్నాడు.

బావ లేచి, మిగిలిన ఆ ఒక్క అడాప్టరును జేబులోంచి తీసి మిషనుకు ఉన్న తీగకు తగిలించాడు. టక్కుమంది. దాన్ని జాగ్రత్తగా తీసుకొచ్చి బల్ల నడుమ, మా అయిదుగురి ముందు పెట్టాడు.

"అయ్యా, చచ్చిపోతారని నేను రాసివ్వలేను. ఏమీ కాదని మీరు రాసిచ్చారు. అయిదు సంతకాలున్నాయి. ఎవరో ఒకరు దీన్ని రెండు వేళ్ళతో పట్టుకోండి. ఏమీ కాకపోతే నన్ను ఇప్పుడే ఇంటికి పంపించేయండి."

అప్పటిదాకా బల్లమీద పది చేతులున్నాయి. కళ్ళు మూసి తెరిచేలోగా ఒక్కటీ లేదు. సూపరింటెండెంటు తనకు బీపీ ఉందన్నాడు. అకౌంట్స్ ఆఫీసరు తాను ఆర్థిక కోణంలో మాత్రమే సంతకం పెట్టానన్నాడు. మిగతా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, పై అధికారుల ముందు తాము చొరవ తీసుకోవడం మర్యాద కాదన్నారు. విచారణాధికారి తాను నిష్పాక్షికంగా ఉండాలని, కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు. ఆ తర్వాత అందరూ నావైపు తిరిగారు.

"కొన్నది ఈయనే కదా" అన్నాడు సూపరింటెండెంటు.

నా చేతులు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఉన్నాను. "చెయ్యి తడిగా ఉందండీ" అన్నాను. ఆ ఒక్కటీ నిజమే, ముచ్చెమటలు పోస్తున్నాయి. బావ నావైపు చూస్తే తట్టుకోలేనని తల దించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, నిజంగా.

తలుపు దగ్గర కుర్చీ కదిలింది. మా అమ్మాయి లేచి వచ్చి బల్ల దగ్గర, నా పక్కన నిలబడింది.

"నేను పట్టుకుంటానండీ. రోజూ పట్టుకోవాల్సింది నేనే కదా. మా నాన్న సంతకం ఉంది, నాకేం భయం?"

అని చెయ్యి చాపింది.

నేనెప్పుడు లేచానో తెలియదు. కుర్చీ వెనక్కి పడింది. ఆ పిల్ల మణికట్టు పట్టుకుని వెనక్కి గుంజాను. "వద్దే! ముట్టుకోకు! చస్తావ్!" అని నేను పెట్టిన కేక మేడ మీది గదుల దాకా వినబడిందట.

స్టెనో కలం ఎత్తి, "ఇది రాయమంటారా సార్?" అన్నాడు.

"నాన్నా" అంది మా అమ్మాయి మెల్లగా, "కిందికి చూడు. ప్లగ్గు నీ కాలి దగ్గరే ఉంది. మామయ్య మొదటిరోజు నాకు నేర్పింది అదే, ముందు ప్లగ్గు చూడమని."

చూశాను. మిషను ప్లగ్గు నా చెప్పు పక్కన నేలమీద పడి ఉంది. మిషను మీద దీపం కూడా వెలగడం లేదు. పెద్దపెద్ద ఆఫీసర్లం ఒక్కరమూ అది చూసుకోలేదు. బావ కరెంటు ఉన్నదాన్ని మనుషుల ముందు పెడతాడా, పిచ్చివాడైతే తప్ప!

సూపరింటెండెంటుకు ముఖంలోకి నెత్తురొచ్చింది. చేతులు రెండూ బల్లమీదికి వచ్చేశాయి. "నాటకం! రాసుకోండి, ఇదంతా నాటకం!" అంటూ అడాప్టరును రెండు వేళ్ళతో ఎత్తి అందరికీ చూపించాడు. "చూడండి, పట్టుకున్నాను! ఏమైంది? ఏమీ కాలేదు! సురక్షితమని రుజువైపోయింది!" అకౌంట్స్ ఆఫీసరు కూడా అవునవునని అన్నాడు. విచారణాధికారి కుర్చీని మళ్ళీ ముందుకు జరుపుకుని, రుజువు అయినట్టే ఉంది, రాసుకో అన్నట్టు స్టెనో వైపు తల ఊపాడు. బావ ఇంటికి పోవడానికి సిద్ధపడిన మనిషిలా చొక్కా గుండీ పెట్టుకుంటున్నాడు.

నేను వంగి నేలమీది ప్లగ్గు తీశాను. మా అమ్మాయి మణికట్టును ఎడమచేత్తో ఇంకా వదల్లేదు.

"వదలకండి సార్, అలాగే పట్టుకునే ఉండండి" అన్నాను. "ప్లగ్గు నేను పెడతాను."

అడాప్టరు బల్లమీద పడి, దొర్లి, కిందికి జారి తీగకు వేలాడింది. సూపరింటెండెంటు చెయ్యి మాత్రం గాల్లోనే ఉండిపోయింది.

బావ గాభరాగా నా దగ్గరికి వచ్చి నా చేతిలోంచి ప్లగ్గు లాక్కున్నాడు. నేను స్టెనో వైపు తిరిగాను.

"రాసుకో. నా కేక కూడా రాసుకో. ఆ అడాప్టర్లు కొన్నది నేను. చదవకుండా సంతకం పెట్టింది నేను. ఇవి ప్రమాదమని ఈయన నాకు ముందే చెప్పాడు, నేను దాచాను. ఈయన విరగ్గొట్టకపోయి ఉంటే ఆ సోమవారం నా కూతురు..."

స్టెనో కలం ఆపి, "ఆ వాక్యం పూర్తి చేయండి సార్, రికార్డుకి కావాలి" అన్నాడు. నా వల్ల కాలేదు. మా అమ్మాయి చెయ్యి అలాగే పట్టుకుని నిలబడి ఉన్నాను.